చుంచును చిమ్మటయు



గడచిన మాసమున వానకాలపు పప్పుదినుసుల రక్షణమును గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసమున మా యింట జరిగిన యొక పొరపాటును మీ ముందుంచుచున్నాము. చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. అయినను దాచిపెట్టినచో మరియొక యింట నదియే జరుగును గదా యని వ్రాయ సాహసించితిమి.

బతుకమ్మ పండుగకు పదిదినములు ముందుగా మా అత్తమ్మగారి చెక్కపెట్టె తెరచితిమి. అందు వారి పెండ్లినాటి పోచంపల్లి పట్టుచీర కలదు. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు పోచంపల్లి యాదాద్రి భువనగిరిలోనికి పోయినది గాని, మా అత్తమ్మగారికి నేటికిని అది నల్లగొండ చీరయే. నేయకమునుపే దారమునకు ముడులు కట్టి రంగు లద్ది, పిదప మగ్గమెక్కించి, రంగునకు రంగు కలియునట్లు నేసిన యా చీరను వారు ఏటికొక్కసారి, సద్దుల బతుకమ్మనాడు మాత్రమే కట్టుదురు. ఆ చీరను మడతవిప్పి చూతుము గదా, ఎఱ్ఱని అంచుపొడవున ఆరేడు కన్నములు! కొన్ని బియ్యపుగింజంత, కొన్ని కందిగింజంత.

అత్తమ్మగారు నోట మాటలేక కూర్చుండిపోయిరి. మాకు కోపము వచ్చినది. దోషి యెవరో వెదకుకొన నక్కరలేకపోయెను. ఆ పెట్టె క్రిందినుండి ప్రతి సాయంకాలము కీచుకీచుమనుచు గోడవెంబడి పరుగెత్తు చుంచు నొకదానిని ఇంటిల్లిపాదియు నెఱుగుదుము. దాని కంపు ఆ మూలనంతయు వ్యాపించియున్నది. ఇంతకంటె సాక్ష్య మేమి కావలయును? మా పెద్దవాడు అంగడినుండి జిగురు అట్ట తెచ్చి గోడవారగా పెట్టెను. మేమే పెట్టుమంటిమి.

తెల్లవారుసరికి చుంచు అట్టకు అంటుకొని చచ్చియుండెను. దాని వెనుక మూడు పిల్లలు. మొదటిది తల్లి తోకమొదలు కఱచుకొని, రెండవది మొదటిదానిని, మూడవది రెండవదానిని కఱచుకొని, పండుగనాడు పిల్లలు వరుసకట్టి నడచినట్లు, ఒకదాని వెంట నొకటి వచ్చి చిక్కినవి. మొదటి పిల్ల తల్లితోపాటు చచ్చినది. తక్కిన రెంటిని మంచినూనె రాచి విడిపించి, పెరటిలో కట్టెలమోపు క్రింద విడిచితిమి. తరువాత వాని జాడ తెలియలేదు.

ఆ దినము మధ్యాహ్నమున, నేతపనిలో తల నెరసిన ఎదురింటి పెద్దమ్మ చీర చూడ వచ్చినది. కన్నముల అంచును గోటితో తడివి చూచి యిట్లన్నది.

“ఇది ఎలుక కొరికింది గాదు బిడ్డా. ఎలుక కొరికితే ముక్కలు కింద పడ్తయి, పీచులు లేస్తయి. ఇది పురుగు తిన్నది. చీర మీద ఇంకేం పెట్టినవు?”

“మా వారికి సన్మానములో కప్పిన ఉన్ని శాలువ పెట్టినం పెద్దమ్మా.”

“అయితె ముందు దాన్ని దులుపు.”

శాలువను వాకిట దులిపితిమి. బియ్యపుగింజలవంటి గూళ్ళు జలజల రాలినవి. అందొక గూడు తనంతట తాను కదలుచుండెను. చూడగా లోపలి పురుగు తల బయటపెట్టి, తన యింటిని తానే ఈడ్చుకొని పోవుచున్నది. మా వారు బడినుండి భూతద్దము తెచ్చి చూపిరి. ఆ గూటిపై సగము శాలువ ఉన్ని, సగము ఎఱ్ఱని పట్టునూగు! చీర రంగే దానిపై సాక్ష్యముగా నిలిచియున్నది. శాలువ మడతనుండి బూడిదవన్నె చిన్న చిమ్మట యొకటి వెలువడి, వెలుతురు తగులగనే చీకటిమడతలోనికి పరుగెత్తినది.

దొంగను పెట్టెలో దాచి, కావలివానిని చంపుకొంటిమని అప్పుడు తెలిసెను. ఏలయన చుంచు ఆహారము ముఖ్యముగా పురుగులే.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. చిన్ననాట మా నాయనగారు మాకు అమరకోశము వల్లె వేయించిరి. ద్వితీయకాండమున సింహాదివర్గమను నొక భాగము కలదు. అందు సింహముతో మొదలిడి మృగముల పేర్లు, కీటకముల పేర్లు, పక్షుల పేర్లు కూర్చబడియున్నవి. చుంచునకు ఛుచ్ఛుందరి, గంధమూషి యనియు, దీపముపై వ్రాలు పురుగునకు పతంగము, శలభము అనియు పేర్లు ఆ వర్గముననే యున్నవి. మా చుంచును మా చిమ్మటకు చుట్టమైన శలభమును వేయేండ్లకు పైబడి యొకే వర్గమున కాపురమున్నవన్నమాట! అమరసింహుడు పేర్లను నేర్పదలచెనే గాని చుట్టరికములను నిర్ణయింపదలపలేదు. కాన అది ఆయన దోషము కాదు. కాని ‘గంధమూషి’ యనగా కంపుగొట్టు ఎలుక. వల్లెవేసిన ఆ పేరే మా తలలో నాటుకొని, చుంచును ఎలుకగా చూపినదేమో!

మా యొక్కరి తలలోనే గాదు. జంతువులకు, మొక్కలకు రెండేసి పదములతో పేర్లు పెట్టు పద్ధతిని స్థిరపఱచిన స్వీడను దేశపు పండితుడు లిన్నెయస్ 1766లో ఈ చుంచునకు పెట్టిన పేరున ‘మ్యూరినస్’ అను మాట కలదు. ఎలుకవంటిది యని దాని యర్థము. నేడు దాని శాస్త్రనామము సుంకస్ మ్యూరినస్. అయినను ఆ పండితుడు పేరున మాత్రమే ఎలుకను నిలిపి, ప్రాణిని ఎలుకలలో చేర్చక చుంచులలోనే చేర్చెను. రూపమును చూచి పేరు పెట్టవచ్చును గాని, పండ్లను చూచి వంశము నిర్ణయింపవలెనని ఆయన యెఱుగును.

ఇక శాస్త్రజ్ఞులు కట్టిన వంశవృక్షమును చూతము. రాజ్యము, వర్గము, విభాగము, క్రమము, కుటుంబము, ప్రజాతి, జాతి యని దానికి మెట్లు. చుంచును చిమ్మటయు మొదటి మెట్టుననే, అనగా జంతురాజ్యమున మాత్రమే కలియును. రెండవ మెట్టున విడిపోవును. చుంచు వెన్నెముక గల ప్రాణుల వైపు పోయి, పిల్లలకు పాలిచ్చు క్షీరదవిభాగమున చేరును. చిమ్మట కీళ్ళకాళ్ళు గల ప్రాణుల వైపు పోయి, ఆఱుకాళ్ళ కీటకవిభాగమున చేరును.

చుంచు క్రమము పేరు యూలిపోటిఫ్లా, కుటుంబము సోరిసిడే. ఎలుక క్రమము వేఱు. అది నిరంతరము పెరుగు ముందుపండ్లతో కొఱుకు రోడెన్షియా క్రమము. చుంచునకు అట్టి ఉలిపండ్లు లేవు. దాని పండ్లు సూదులవంటివి. బొద్దింక పెంకును చీల్చుటకు తగునవే గాని చెక్కను దొలుచుటకు తగవు. గుర్తులు చెప్పెదము. చుంచు మూతి పొడవై, క్రిందిపెదవిని దాటి ముందునకు సాగియుండును. కండ్లు ఆవగింజలంత. ముందుకాళ్ళకు అయిదేసి వ్రేళ్ళు స్పష్టముగా నుండును. ఎలుక ముందుకాళ్ళకు నాలుగే స్పష్టము. ప్రక్కటెముకలపై కంపుగ్రంథి యుండుటచే పిల్లి దానిని పట్టినను తినక విడుచును. దీని ప్రజాతిలోనే సుంకస్ ఎట్రుస్కస్ అను మఱొక చుంచు కలదు. అది సుమారు రెండు గ్రాముల తూకము మాత్రమే యుండి, బరువున క్షీరదము లన్నిటిలో మిక్కిలి చిన్నదని పేరొందినది. అదియు మన దేశమున కలదు.

ఇంకొక వింత వినుడు. జన్యువులను పరీక్షించి కట్టిన నేటి వంశవృక్షమున ఎలుక, కుందేలు, కోతి, మనుష్యుడు ఒక పెద్దకొమ్మ. చుంచు, గబ్బిలము, పిల్లి, ఆవు, గుఱ్ఱము మఱియొక కొమ్మ. అనగా ఎలుక చుంచునకు కంటె మనకే దగ్గఱచుట్టము! ఈ మాట చెప్పగా అత్తమ్మగారు ఆ దుఃఖములోను నవ్వి, “అందుకే గదా అది మన బియ్యము మీదనే పడ్తది” అనిరి.

చిమ్మట సంగతి వినుడు. దాని క్రమము లెపిడాప్టెరా. గ్రీకుభాషలో పొలుసు రెక్కలవని యర్థము. సీతాకోకచిలుకలును, రాత్రివేళ తిరుగు శలభములును ఈ క్రమమునవే. నేటివఱకు పేరిడబడిన జాతులు ఇంచుమించు ఒక లక్ష అఱువదివేలు. వానిలో అత్యధికము శలభములే. మా పెట్టెలోనిది టీనియిడే కుటుంబమునకు చెందినది. చీరకు దారమిచ్చిన పట్టుపురుగు బాంబిసిడే కుటుంబమునకు చెందినది, బాంబిక్స్ మోరి యని 1758లో లిన్నెయస్సే పేరుపెట్టినది. క్రమ మొక్కటే, కుటుంబములు వేఱు. ఒక శలభము వందలకొలది మీటర్ల దారమును వడికి చీర నిచ్చినది. దాని దూరపుచుట్టమే మఱొక శలభము వచ్చి ఆ చీరను తిన్నది. దాయాదుల తగవు మన భారతకథలోనే గాక పెట్టెలోను ఉన్నదన్నమాట!

రెక్కలు వచ్చిన చిమ్మట బట్టను తినదు. తినునది దాని పిల్లపురుగు. ఉన్ని, వెంట్రుక, ఈక దానికి ప్రధానాహారము. పట్టు అంత యిష్టము కాదు గాని, చెమటయో నేయియో పాయసమో అంటిన చోట దానినిగూడ కొఱుకును. మా చీర అంచున పోయినేటి పండుగనాటి నేతిమరక యుండెను. దానిని కడుగక మడిచిన తప్పు మాది. దీపముచుట్టు తిరుగు శలభములను చూచి బట్టలకు భయపడనక్కఱ లేదు. బట్టల చిమ్మట వెలుతురును ఓర్వదు, దీపమునకు రాదు. దీపమున పడి చచ్చునవి వేఱుజాతులు. వానిపైనను మనము నింద మోపుచునే యున్నాము.

ఈ రెంటి వంశములు తెలిసినవి. ఇక వీని క్షేమస్థితి యెట్టిది? 1948లో స్థాపింపబడిన అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమువారు 1964 మొదలుకొని ఎఱ్ఱపట్టిక యనుదానిని నడుపుచున్నారు. లుప్తమైనవి, అడవిలో లుప్తమైనవి, మిక్కిలి తీవ్రమైన అపాయమున నున్నవి, అపాయమున నున్నవి, అపాయమునకు లోను కాగలవి, అపాయమునకు చేరువైనవి, చింతింప నక్కఱలేనివి యని అందు మెట్లు. మన యింటిచుంచు చివరిమెట్టున నున్నది. దానికి వంశనాశన భయము లేదు. పైగా ఓడలలో జొరబడి గువామ్, మారిషస్ వంటి దూరద్వీపములకు చేరి, అచ్చటి బల్లిజాతులకు తానే శత్రువైనది. ఇచ్చట కావలివాడు, అచ్చట చొరబాటుగాడు. అయితే దాని చుట్టములలో నికోబార్ చుంచు, అండమాన్ దీవులలోని జెంకిన్స్ చుంచు మిక్కిలి తీవ్రమైన అపాయపు మెట్టున నున్నవి. ‘చుంచులు క్షేమము’ అని ఒక్కమాటలో చెప్పరాదనుటకు ఇదియే తార్కాణము.

పట్టుపురుగు ఆ పట్టికయందే లేదు. ఏలయన పశువులను, కోళ్ళను వలె అది మనుష్యుడు వేలయేండ్లుగా సాకిన జీవము. అడవి ప్రాణి కాదు. రెక్కలున్నను ఎగురలేదు. మల్బరీ ఆకు మనము వేయనిచో బ్రతుకజాలదు. లోకమున కోట్లసంఖ్యలో ఉన్నను, మనుష్యుని చేయి తొలగినచో నిలువలేని వంశ మది. దాని కాయను, లోని జీవముతో సహా ఉడికించియే దారము తీయుదుమను సంగతి మనమందఱము ఎఱుగుదుము. పండుగనాడు తలపునకు తెచ్చుకొనము.

కీటకముల మాట చెప్పవలెనన్న, లోకమున పేరిడబడిన కీటకజాతులు పదిలక్షలు. ఎఱ్ఱపట్టికవారు పరిశీలించి మెట్టు నిర్ణయించినవి నూటికి ఒకటి రెండు వంతులు మాత్రమే. క్షీరదము లన్ననో సుమారు ఆఱువేల జాతులు. వానిలో ఇంచుమించు అన్నింటిని పరిశీలించిరి. కాన పట్టికలో పేరు లేకుండుట క్షేమమునకు గుర్తు కాదు. ఆ ప్రాణిని ఎవరును చూడలేదనియే అర్థము కావచ్చును. ఇంటిలో వయసుమీరిన ఆడువారికి జబ్బు లేదని మనము ధైర్యముగా చెప్పుకొందుము. వారిని వైద్యునికి చూపలేదు గనుక తెలియలేదను సంగతి మఱతుము. ఇదియు నట్టిదే.

నిందపడిన శలభము గతి యేమగునో ఒక దృష్టాంతము చెప్పెదము. 1903 మొదలు మదరాసు రేవునుండి మన తెలుగువారు గూడ గిర్మిటు కూలీలుగా పోయిన ఫిజీ దీవులలో లెవువానా యను నీలిమెఱుపు శలభ మొకటి యుండెను. దాని పిల్లపురుగులు కొబ్బరాకును తిని తోటలను పాడుచేయుచుండెను. 1925లో మలయా దేశమునుండి యొక ఈగను తెచ్చి వదలిరి. ఆ ఈగపిల్లలు శలభపు పురుగుల శరీరములలో పెరిగి వానిని చంపినవి. కొబ్బరితోటలు దక్కినవి. కొలది యేండ్లలో ఆ శలభము కానరాకుండబోయినది. నేడు ఎఱ్ఱపట్టికలో దాని మెట్టు ‘లుప్తము’. ఆ తోటలవారి కష్టమును మేము తేలికగా చూచుటలేదు. అచ్చట దోషి యెవరో తెలిసియే శిక్షించిరి. అయినను ఒక తోట చీడకని తెచ్చిన మందు ఒక వంశమునే తుడిచివేసెను. మా యింట నన్ననో దోషి యెవరో తెలియకయే శిక్ష విధించితిమి.

మన దేశపు శాసనము సంగతియు వినదగినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున హానికరప్రాణుల పట్టిక యొకటి యుండెను. కాకి, పండ్లు తిను గబ్బిలము, ఎలుక, చిట్టెలుక అందుండినవి. చుంచు పేరు అందు లేదు. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చి, ఆ పట్టికయే తొలగిపోయినది. శాసనము చుంచును ఎలుకగా చూడలేదు. మేము చూచితిమి.

ఇవన్నియు మా వారు పిల్లలకు చెప్పుచుండగా మా చిన్నది అడిగిన ప్రశ్న యిది: “పుస్తకంల చుంచుకు భయం లేదని రాసిన్రు గద నాయినా, మరి మన చుంచు ఎట్ల చచ్చిపోయింది?”

ఆయన వెంటనే బదులు చెప్పలేకపోయిరి. మేమును చెప్పలేకపోతిమి. ఆలోచింపగా తోచిన దిది. పట్టిక జాతిని తూచును, ప్రాణిని తూచదు. చుంచుజాతికి భయము లేదన్నమాట, మన గోడవారగా పిల్లలను వెంటబెట్టుకొని పోవు చుంచునకు భయము లేదన్నమాట కాదు. జాతుల లెక్క పండితులు చూచుకొందురు. ఆ యొక్క ప్రాణి లెక్క మాత్రము ఇంటి ఇల్లాలి చేతనున్నది. చీపురు, మందు, జిగురు అట్ట అన్నియు మన చేతిలోనివే గదా! కాన చేయి యెత్తుటకు ముందు పేరు సరిగా తెలిసికొనుట మన ధర్మము.

ఇప్పుడు మేము చేయుచున్న పద్ధతి చెప్పెదము. పట్టుబట్టను మరకతో మడువరాదు. ఉతికించి, నీడలో గాలికి ఆరవేసి, తెల్లని నూలుగుడ్డలో చుట్టి పెట్టవలెను. ఉన్నిబట్టలను వేఱుపెట్టెలో నుంచి, రెండుమూడు నెలలకొకసారి ఎండలో దులుపవలెను. పెట్టెమూలలను, అతుకులను కుంచెతో ఊడ్వవలెను. గూళ్ళు దాగునది అచ్చటనే. ఎండిన వేపాకు, వసకొమ్ము మన పెద్దల అలవాటు. అవి తోడుగా నుండవచ్చును గాని దులుపుటకు బదులు కానేరవు. కలరా ఉండలు వేయువారు పసిపిల్లలకు అందకుండ జాగ్రత్తపడవలెను. ఇక చుంచు లోపలికి రాకుండవలెనన్న తలుపుక్రింది సందును, తూముకన్నమును మూయించుడు. రాత్రి వంటయింట ఎంగిలి విడువకుడు. అది దుర్గుణములు లేని ప్రాణియని మేము చెప్పము. కోడిపిల్లలను పట్టుటయు కలదు, పట్టుకొన్నచో కఱచును. చేత తాకవలదు. వెళ్ళగొట్టుడు, చాలును. జిగురు అట్ట మాత్రము మా గడప తొక్కదు.

ఎదురింటి పెద్దమ్మ ఆ చీరను మూడుదినములు తన యింట నుంచుకొని, అదే వన్నె పట్టుదారముతో కన్నములను అల్లియిచ్చినది. దగ్గఱ చూచిన గాని తెలియదు. సద్దుల బతుకమ్మనాడు అత్తమ్మగారు దానినే కట్టిరి. పెరటిలో కట్టెలమోపు దగ్గఱకు పోయినప్పుడెల్ల మా చిన్నది నేటికిని వంగి చూచుచునే యున్నది.

మీ యిండ్లలోను ఇట్టి పొరపాటులు జరిగియుండునేని వ్రాయుడు. వచ్చు మాసమున వాకిటి నీళ్ళతొట్టిని గూర్చి ముచ్చటింతము.